రైతు మనోవ్యాధి: లక్షణములు, నివారణ

ఎద్దు రెండు పూటలు మేత ముట్టకున్నచో మనము పశువైద్యుని వద్దకు పరుగెత్తెదము. వరి ఆకుపై మచ్చ కనబడినచో ఆ ఆకును కోసి తెచ్చి వ్యవసాయాధికారికి చూపెదము. కాని అదే ఇంటిలో యజమాని నెల దినములుగా సరిగా తినక, నిద్రపోక, ఎవ్వరితోను మాటలాడక కూర్చున్నను "ఏదో దిగులు, అదే పోతుందిలే" అని ఊరకుండెదము. జ్వరము వచ్చినదని చెప్పుకొనుటకు లేని సిగ్గు, మనసు బాగుండలేదని చెప్పుకొనుటకు అడ్డు వచ్చుచున్నది. ఈ సిగ్గు వలన, నయము కాదగిన జబ్బు ముదిరి ప్రాణము మీదికి వచ్చుచున్నది.

ఇది పిరికితనము కాదు

వరి నాటిన రెండు నుండి నాలుగు వారములలో ఆకులపై తుప్పు రంగు మచ్చలు ఏర్పడి పైరు గిడసబారుట రైతులు ఎరిగినదే. అది జింకు లోపము. ఎంత యూరియా చల్లినను ఆ పైరు కోలుకొనదు. జింకు సల్ఫేటు అందినప్పుడే పచ్చబడును. కుంగుబాటు అను జబ్బు కూడ అట్టిదే. "మగవాడివి, ధైర్యముగా ఉండు" అని ఎంత చెప్పినను, చెప్పినంత మాత్రమున అది తగ్గదు. రోగమునకు తగిన చికిత్స కావలెను.

ఆరోగ్యమనగా శరీరము, మనసు, సంఘ జీవనము మూడును బాగుండుటయే అని 1948లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగము పేర్కొన్నది. మన దేశములో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మనోవ్యాధి గలవారికి శరీర వ్యాధి గలవారితో సమానముగా వైద్యము అందవలెనని నిర్దేశించినది. ఆరోగ్య బీమాలో కూడ ఈ రెంటికి భేదము చూపరాదు.

కారణములు

2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటలపై పడినప్పుడు, పూత రాలి, కొట్టిన మందు పని చేయక, అనేకులు తోటలను దున్నివేసిరి. కౌలు ముందే చెల్లించి, వడ్డీకి తెచ్చి పెట్టుబడి పెట్టిన కౌలుదారునికి అట్టి సంవత్సరము పంటతో పాటు నిద్రయు పోవును. నీరు పడని బోరు, పడిపోయిన ధర, అప్పులవాని మాట, ఇంటిలో కలహము, మద్యము ఈ జబ్బును ముదిరించును. అట్లని అప్పు ఉన్నవారికే వచ్చుననుట సరికాదు. కొందరికి వంశపారంపర్యముగాను, కొందరికి థైరాయిడ్ వంటి జబ్బులతోను వచ్చును. పురుషులకన్న స్త్రీలలో ఇది ఎక్కువ. ముఖ్యముగా కాన్పు తరువాత తల్లిని కనిపెట్టి చూడవలెను.

లక్షణములు

చేలో పురుగు కనబడిన వెంటనే మందు కొట్టము; నష్ట పరిమితి దాటినదా అని చూచెదము. పంట పోయినప్పుడు దుఃఖము కలుగుట సహజము. అది జబ్బు కాదు. కాని ఈ క్రింది లక్షణములలో కొన్ని రెండు వారములకు మించి ప్రతిదినము ఉన్నచో పరిమితి దాటినట్లే ఎంచవలెను.

రాత్రి నిద్ర పట్టకుండుట, లేక తెల్లవారుజామున రెండు మూడు గంటలకే మెలకువ వచ్చుట. ఆకలి తగ్గుట. పొలము పనిపై, పిల్లలపై, పండుగపై ఆసక్తి పోవుట. చిన్న మాటకే కోపము. త్రాగుడు పెరుగుట. "నా వల్లనే అందరూ చెడిపోయారు" అని పదే పదే అనుట. కొందరు మనసు సంగతి చెప్పక ఒళ్ళునొప్పులు, తలనొప్పి, గుండెదడ, నీరసము అని మాత్రమే చెప్పెదరు. ఊరిలో సూదులు, సెలైనులు ఎక్కించుకొన్నను తగ్గని నొప్పుల వెనుక ఈ జబ్బు ఉండవచ్చును.

చికిత్స

ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పవలెను. ఆయన అవసరమని ఎంచినచో జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని వద్దకు పంపును. ఆశ కార్యకర్త కూడ దారి చూపగలదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నెంబరుపై ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. ఖర్చు లేదు. తెలుగులోనే మాటలాడవచ్చును.

వైద్యుడు మాటలతో చికిత్స చేయవచ్చును, మాత్రలును ఇవ్వవచ్చును. కుంగుబాటు మాత్రల గుణము సాధారణముగా రెండు నుండి నాలుగు వారములకు కాని తెలియదు. వారము వాడి "పని చేయలేదు" అని మానరాదు. తగ్గిన తరువాత కూడ వైద్యుడు చెప్పినన్ని నెలలు వాడవలెను. ఇవి మద్యము వలె వ్యసనమగునను భయము అవసరము లేదు.

మందు అప్పును తీర్చదు. నిజమే. కాని నిద్రపట్టి, తల తేటపడిన మనిషి అప్పు సంగతి ఆలోచింపగలడు. బ్యాంకుకు వెళ్ళి గడువు అడుగగలడు. అప్పులన్నిటిని నమ్మకమైన వారి ఎదుట కాగితముపై వ్రాసి చూచుట మంచిది. మనసులో పెట్టుకొన్న లెక్క, కాగితముపై పెట్టిన లెక్కకంటె ఎల్లప్పుడును పెద్దదిగా తోచును.

ఇంటివారు చేయవలసినవి

1. ఒంటరిగా వదలరాదు. తప్పులు ఎంచక, సలహాలు గుప్పింపక వినవలెను.

2. "అన్నా, బ్రతకాలని లేదనిపిస్తున్నదా?" అని సూటిగా అడుగుటకు వెనుదీయరాదు. అడుగుట వలన అట్టి ఆలోచన పుట్టదు. అడిగినచో చాలమందికి భారము దిగును. అవునన్నచో ఆ దినమే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

3. పురుగుమందులను ఇంటిలో నిలువ ఉంచరాదు. కావలసినంతే కొని, మిగిలినది తాళము వేసిన పెట్టెలో ఉంచి, తాళపుచెవి మరియొకరి వద్ద ఉంచవలెను. ఆ తీవ్రమైన ఘడియ తరచు కొద్దిసేపే ఉండును. అది దాటినచో మనిషి దక్కును. శ్రీలంకలో అతి విషపూరితములైన మందులను నిషేధించుట ముఖ్య కారణముగా 1995 నుండి 2015 లోపల ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతము తగ్గినది. ఆ నిషేధముల వలన అచ్చటి పంట దిగుబడులు తగ్గలేదు.

4. ప్రమాదము జరిగినచో పోలీసు కేసుకు వెరచి దాచరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఆత్మహత్యాప్రయత్నము చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు ఎంచి, శిక్షింపక, వైద్యము చేయింపవలెనని 2017 చట్టము చెప్పుచున్నది.

రైతు సోదరులారా, రైతు సోదరీమణులారా! పొలములో తెగులును మొదటి ఆకుననే గుర్తించు నేర్పు మీకున్నది. ఆ చూపునే ఇంటివారిపైనను, పొరుగు చేనివారిపైనను, మీపైనను ఉంచుడు. 14416 అను నెంబరును పంపుసెట్టు స్టార్టరు పెట్టెపై, ఇంటి తలుపు వెనుక నేడే వ్రాసి ఉంచుడు.