పురుగు మందులతో పుంస్త్వానికి ముప్పు
మూగజీవాలు ముందే హెచ్చరించినా ఆలస్యంగా మేలుకొన్న వ్యవస్థ

కేరళకు ఉత్తరపు కొసన, కర్ణాటకను ఆనుకొని ఉన్న కాసరగోడ్ జిల్లా కొండవాలులలో జీడిమామిడి తోటలు విస్తారంగా ఉన్నాయి. ప్రభుత్వ రంగంలోని ప్లాంటేషన్ కార్పొరేషన్‌కు చెందిన సుమారు 4,600 హెక్టార్ల తోటలపై 1970వ దశకం చివరి నుంచి 2000 సంవత్సరం వరకు హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ అనే పురుగు మందును చల్లారు. లేత చిగుళ్లను, పూతను మాడ్చివేసే టీ దోమను అరికట్టడం దాని ఉద్దేశం. అయితే గాలిలో తేలే తుంపరకు తోట హద్దులు తెలియవు. తోటల నడుమ, కింది లోయలలో ఉన్న ఊళ్లు, నీటి వనరులు, పశువులు మేసే గడ్డి అన్నీ ఆ మందు బారిన పడ్డాయి.

అక్కడ కీడును తొలుత బయటపెట్టినవి పశువులే. పడ్రె గ్రామ ప్రాంతంలో దూడలు గిడసబారి, వంకర కాళ్లతో పుడుతున్న విషయాన్ని స్థానిక పాత్రికేయుడు శ్రీపడ్రె 1980వ దశకం ఆరంభంలోనే పత్రికల ద్వారా లోకం దృష్టికి తెచ్చారు. ఆ హెచ్చరికను పట్టించుకున్నవారు లేరు. చల్లడం మరో రెండు దశాబ్దాల పాటు సాగింది.

బడి పిల్లలపై అధ్యయనం

అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి సంబంధ ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు ఆ తరువాత ఈ ప్రాంతంలో జరిపిన పరిశోధన ఫలితాలు 2003లో వెలువడ్డాయి. తోటల పాదాన ఉన్న గ్రామంలోని 10 నుంచి 19 ఏళ్ల వయసు గల 117 మంది బాలురను, మందు చల్లని మరో గ్రామానికి చెందిన 90 మంది బాలురతో పోల్చి చూశారు. మందు సోకిన బాలురలో యౌవన లక్షణాలు ఆలస్యంగా పొడసూపాయి. వయసుకు తగినట్లు పెరగవలసిన టెస్టోస్టిరాన్ హార్మోన్ వారి రక్తంలో తక్కువగా ఉంది. వృషణాలను పురికొల్పడానికి పీయూష గ్రంథి స్రవించే హార్మోన్ మాత్రం ఎక్కువగా ఉంది. పై నుంచి ఆజ్ఞ గట్టిగా వస్తున్నా కింద పని జరగడం లేదని దీని భావం.

ఈ అధ్యయనం పరిమాణంలో చిన్నది. వృషణాలు కిందికి దిగకపోవడం వంటి జన్మ లోపాలు మందు సోకిన గ్రామంలో కొంత ఎక్కువగానే కనిపించినా, గణాంక శాస్త్రం ప్రకారం ఆ తేడా నిర్ధారణకు చాలదని పరిశోధకులే పేర్కొన్నారు. మందుల పరిశ్రమ వర్గాలు అధ్యయన పద్ధతిని ఆక్షేపించాయి. అయితే పరిశోధకుల వాదనకు బలం చేకూర్చిన ఆధారాలు అప్పటికే ప్రయోగశాలల్లో ఉన్నాయి. లక్నోలోని పారిశ్రామిక విష విజ్ఞాన పరిశోధన కేంద్రంలో 1990వ దశకంలో ఎండోసల్ఫాన్ తినిపించిన మగ ఎలుకలలో శుక్రకణాల సంఖ్య తగ్గింది. వృషణాలలో ఆ కణాల ఉత్పత్తి మందగించింది. ఎదిగిన ఎలుకల కన్నా ఎదిగే వయసులోని ఎలుకలు ఈ విషానికి త్వరగా లొంగిపోవడం మరీ గమనార్హం.

దెబ్బ తగిలేది ఎక్కడ?

పురుగు మందులు మగ జీవి సంతాన సామర్థ్యాన్ని పలు మార్గాల్లో దెబ్బ తీస్తాయి. కొన్ని మందులు వృషణాలలో టెస్టోస్టిరాన్ తయారీకి తోడ్పడే ఎంజైములను మందగింపజేస్తాయి. మరికొన్ని ఆ హార్మోన్ కూర్చోవలసిన పీటను తామే ఆక్రమిస్తాయి. డి.డి.టి. శరీరంలో విచ్ఛిన్నమైనపుడు ఏర్పడే డి.డి.ఇ. అనే పదార్థం సరిగ్గా ఈ పని చేస్తుందని 1995లో అమెరికా శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆర్గానోఫాస్ఫరస్ తరగతికి చెందిన మందులు కణజాలంలో ఆక్సీకరణ ఒత్తిడిని పెంచి శుక్రకణాల పొరలను, జన్యు పదార్థాన్ని గాయపరుస్తాయని జంతువులపై జరిగిన అనేక ప్రయోగాలు తెలుపుతున్నాయి.

ఈ నష్టం వెంటనే బయటపడదు. ఆబోతు వృషణాలలో ఒక శుక్రకణం రూపుదిద్దుకోవడానికి సుమారు 61 రోజులు పడుతుంది. ఈ వేళ మేతలో విషం తిన్న పశువు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దాటిన ఆవులు చూలు కట్టకపోవడం నెలల తరువాత గాని తెలియదు. అప్పటికి కారణం ఏమిటో రైతు గుర్తు పట్టలేడు. పైరుపై మందు చల్లిన మర్నాడే గట్ల మీది గడ్డి కోసి పశువులకు వేయడం, పిచికారీ పంపులను చెరువుల్లో కడగడం పల్లెల్లో కొత్త సంగతులు కావు. ఒక ఈతను నష్టపోవడమంటే సన్నకారు రైతుకు ఒక దూడను, నెలల తరబడి పాల రాబడిని నష్టపోవడమే.

ఫ్లోరిడా సరస్సులో మొసళ్లు

ఆరుబయట బతికే జంతువులలో ఈ ప్రభావానికి ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఉంది. అపాప్కా సరస్సు సమీపంలోని ఒక రసాయనాల కర్మాగారం నుంచి 1980లో డైకోఫాల్, దానితో పాటు డి.డి.టి. సరస్సులోకి చేరాయి. అనంతర సంవత్సరాల్లో అక్కడి అలిగేటర్ మొసళ్ల సంతతి బాగా క్షీణించింది. శాస్త్రజ్ఞుడు లూయీ గిలెట్ బృందం 1990వ దశకంలో పరిశీలించగా మగ పిల్లలలో టెస్టోస్టిరాన్ తక్కువగా ఉన్నట్లు, జననాంగాలు సాధారణం కన్నా చిన్నవిగా ఉన్నట్లు తేలింది. ఆ సరస్సులోకి పొలాల మందులు కూడా చేరేవి గనుక నేరం ఏ ఒక్క రసాయనానిదో విడదీసి చెప్పడం కష్టమైంది.

ఆ డైకోఫాల్ తెలుగు రైతుకు అపరిచితమైనది కాదు. మిరపలో కింది ముడతకు కారణమైన తెల్లనల్లిపై చాలా ఏళ్లు దానినే వాడారు.

అట్రజిన్ అనే కలుపు మందు నీటిలో అతి స్వల్పంగా ఉన్నా మగ కప్పలలో ఆడ లక్షణాలు పొడసూపుతాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన టైరోన్ హేస్ 2002లో ప్రకటించారు. ఆ నిర్ధారణపై తయారీ సంస్థకు, ఆయనకు మధ్య వివాదం ఏళ్ల తరబడి నడిచింది. వింక్లోజోలిన్ అనే తెగుళ్ల మందును గర్భిణి ఎలుకలకు ఇస్తే నాలుగో తరం మగ సంతతి వరకు శుక్రకణాలు తగ్గిపోయాయని 2005లో మరో అమెరికన్ బృందం వెల్లడించింది. ఆ ప్రయోగంలో ఇచ్చిన మోతాదు పొలాల్లో సోకే దానికన్నా ఎంతో ఎక్కువ. ఎలుకలో కనబడినదల్లా మనిషిలో జరిగి తీరుతుందని చెప్పడానికి వీలు లేదు.

అయితే ఎలుక మాట వినకపోతే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఒకటుంది. నేలలోని నులిపురుగులను చంపే డి.బి.సి.పి. అనే మందు జంతువుల వృషణాలను కృశింపజేస్తుందని 1961లోనే పరిశోధన పత్రం ప్రచురితమైంది. తయారీ ఆగలేదు. 1977లో కాలిఫోర్నియాలోని ఒక కర్మాగారంలో ఆ మందు తయారీలో పని చేస్తున్న కార్మికులు తమకు పిల్లలు పుట్టడం లేదని గమనించి పరీక్షలు చేయించుకున్నారు. పలువురి వీర్యంలో శుక్రకణాలు బొత్తిగా లేవు. రెండేళ్ల తరువాత, 1979లో, హవాయి అనాస తోటలకు తప్ప మిగిలిన వాడకాన్నంతటినీ అమెరికా ప్రభుత్వం రద్దు చేసింది. ఈలోగా మధ్య అమెరికా దేశాల అరటి తోటల్లో వేలాది కూలీలు దాని బారిన పడ్డారు.

భారతదేశంలో చర్యలు

ఎండోసల్ఫాన్ తయారీలో భారతదేశం ఒకప్పుడు ప్రపంచంలోనే అగ్రస్థానంలో ఉండేది. చౌకగా దొరికే మందు కావడంతో నిషేధిస్తే రైతుకు ఖర్చు పెరుగుతుందన్న వాదన బలంగా వినిపించింది. 2011 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్ ఒప్పంద దేశాలు కొన్ని మినహాయింపులతో ప్రపంచవ్యాప్త నిషేధానికి నిర్ణయించాయి. ఆ ఏడాది మే 13న సుప్రీం కోర్టు దేశంలో ఆ మందు ఉత్పత్తి, అమ్మకం, వాడకాలను నిలిపివేస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. బాధితులకు తలా 5 లక్షల రూపాయల పరిహారాన్ని మూడు నెలల్లో చెల్లించాలని 2017 జనవరిలో కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. చెల్లింపులో జాప్యాన్ని 2022లో తీవ్రంగా తప్పుపట్టింది.

ప్రమాదకరమైన 27 మందులను నిషేధించే ముసాయిదాను కేంద్రం 2020లో ప్రకటించింది. తుదకు 2023లో డైకోఫాల్, డైనోక్యాప్, మెథోమిల్‌లపై మాత్రమే పూర్తి నిషేధం విధించింది. అపాప్కా మొసళ్ల సంగతి లోకానికి తెలిసిన నాటి నుంచి డైకోఫాల్ భారత విపణి నుంచి తొలగడానికి పాతికేళ్లకు పైగా పట్టింది.

మందు లేకుండా పంట పండదన్న మాట అంతటా నిజం కాదని పాత ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం ఈ శతాబ్ది తొలి సంవత్సరాల్లోనే చూపింది. పత్తికి పురుగు మందులు మాని, వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలతో రైతులు పురుగును అదుపు చేశారు. మందుల అప్పు తగ్గింది. ఊరు ఊరంతా రసాయన పురుగు మందులకు దూరమైంది. ప్రతి ఊరూ ఒక్క ఏడాదిలో ఆ దారి పట్టడం సాధ్యం కాకపోవచ్చు. కానీ చల్లిన పొలంలోని గడ్డిని కొద్ది రోజులు పశువులకు వేయకపోవడానికి, పంపును చెరువుకు దూరంగా కడగడానికి పైసా ఖర్చు లేదు. ప్రయోగశాలలో ఎలుక చెప్పిన మాటను అనుమతికి ముందే వినడం ప్రభుత్వ బాధ్యత. కాసరగోడ్‌లో దూడలను చూసి ఆగి ఉంటే, బడి పిల్లల రక్తాన్ని పరీక్షించవలసిన అవసరం వచ్చేది కాదు.