తోలు, బొచ్చుతోలు

పశువులను పాలకొరకు, మాంసముకొరకు పెంచుదురు. తోలు వాటివెంట లభించు ఉపఫలము. అందుచే చెప్పులకు గిరాకి తగ్గినను పశువుల సంఖ్య అంతగా తగ్గదు. పదునుచేయునపుడు తోలుకున్న వెండ్రుకలను సున్నపునీటితో ఊడదీయుదురు. బొచ్చుతోలునకు ఆ వెండ్రుకలే విలువ. నీటికుక్క కుటుంబమునకు చెందిన మింక్ అను చిన్న జంతువును బొచ్చుకొరకే బోనులలో పెంచుదురు.

ప్రపంచమునకు మింక్‌తోళ్ళను విరివిగా అందించిన డెన్మార్కులో 2020లో కరోనా వైరస్ మనుష్యులనుండి మింక్‌లకు సోకి, మార్పుచెంది, తిరిగి మనుష్యులకు వ్యాపించినది. ప్రభుత్వము సుమారు ఒకటిన్నర కోటి మింక్‌లను చంపించి, 2022 చివరివరకు పెంపకమును నిషేధించినది. నెదర్లాండ్స్‌లో 2024 నాటికి ముగియవలసిన మింక్ పెంపకము 2021లోనే ఆగిపోయినది. ఆహారముతో ముడిపడిన తోలు పరిశ్రమను ఒక్క చట్టముతో ఆపుట కష్టము; అలంకారముపై ఆధారపడిన బొచ్చు పరిశ్రమను ఆపుట సాధ్యమే.