బాల్యంలో ఆహార అలర్జీ, ఉబ్బసం: నిషేధం నుంచి పరిచయం వైపు

వ్యాససంగ్రహం: పిల్లలలో ఆహార అలర్జీ, ఉబ్బసం అనగానే 'దూరం పెట్టడమే రక్షణ' అనే భావన వైద్యరంగంలోనూ, కుటుంబాలలోనూ చాలాకాలం బలంగా ఉండేది. ఆహార నివారణ విషయంలో ఈ భావన సరికాదని 2015 నాటి లీప్ అధ్యయనం నిరూపించింది. ఉబ్బస చికిత్సలో ఇన్‌హేలర్‌ను దూరం పెట్టడమూ ఇటువంటి పొరపాటే. ఈ రెండు అంశాలను శాస్త్రీయ ఆధారాలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆహార అలర్జీ, ఉబ్బసం, ఎగ్జిమా, అనాఫిలాక్సిస్, వేరుశనగ, ఇన్‌హేలర్.

1. ఉపోద్ఘాతం

'అలర్జీ' అనే పదాన్ని 1906లో వియన్నాకు చెందిన పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫన్ పిర్కే ప్రతిపాదించాడు. శరీరానికి హాని చేయని పదార్థాన్ని రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా భావించి ప్రతిస్పందించడమే అలర్జీ. కొందరు పిల్లలలో ఇది ఒక క్రమంలో కనిపిస్తుంది. శైశవంలో చర్మంపై ఎగ్జిమా, ఆ తరువాత ఆహార అలర్జీ, మరికొంత కాలానికి ఉబ్బసం, ముక్కు అలర్జీ వస్తాయి. వైద్యులు దీనిని 'అలర్జీ ప్రస్థానం' అంటారు. ప్రతి బిడ్డలోనూ ఈ దశలన్నీ రావాలని లేదు.

తెలుగువారి ఇళ్ళలో పథ్యానికి పెద్దపీట ఉంది. ఆయాసపడే బిడ్డకు పెరుగు, అరటిపండు మాన్పించడం సర్వసాధారణం. ఈ జాగ్రత్త వెనుక ప్రేమ ఉంది. అయితే దానికి ఆధారం ఉన్నదా అన్నది వేరే ప్రశ్న.

2. అలర్జీ ఏర్పడే తీరు

ఆహారంలోని ఒక ప్రోటీన్‌కు వ్యతిరేకంగా శరీరం 'ఐజీఈ' అనే ప్రతిరక్షకాన్ని తయారుచేసుకుంటుంది. అది మాస్ట్ కణాలను అంటిపెట్టుకొని ఉంటుంది. అదే ఆహారం మళ్ళీ శరీరంలోకి చేరినప్పుడు ఆ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం కనిపిస్తాయి. పాలు, గుడ్డు, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, చేపలు, రొయ్యలు, గోధుమ, సోయా, నువ్వులు దీనికి ప్రధాన కారకాలు.

బ్రిటన్‌కు చెందిన గిడియాన్ లాక్ ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ కీలకమైనది. ఎగ్జిమాతో దెబ్బతిన్న చర్మం ద్వారా ఆహారకణాలు లోపలికి చేరితే అలర్జీ ఏర్పడే అవకాశం ఉంది. అదే ఆహారం నోటి ద్వారా, తగిన వయసులో చేరితే సహనం అలవడుతుంది. ఈ లెక్కన, చుట్టూ ఉన్న ఆహారాన్ని బిడ్డ నోటికి మాత్రమే అందకుండా చేయడం ప్రమాదాన్ని పెంచుతుంది.

3. నివారణ: మారిన దృక్పథం

అలర్జీ ముప్పు ఉన్న పిల్లలకు రెండేళ్ళ వరకు గుడ్డు, మూడేళ్ళ వరకు వేరుశనగ పెట్టరాదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2000లో సూచించింది. అలా ఆలస్యం చేయడం వల్ల ప్రయోజనం ఉందనడానికి తగిన ఆధారం లేదని 2008లో తన వైఖరిని మార్చుకుంది. అదే సంవత్సరం ఒక పరిశీలన వెలువడింది. బ్రిటన్‌లోని యూదు పిల్లలలో వేరుశనగ అలర్జీ 1.85 శాతం ఉండగా, ఇజ్రాయెల్ పిల్లలలో అది 0.17 శాతమే. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలు మొదటి ఏడాదిలోనే వేరుశనగతో చేసిన చిరుతిండి తింటారు.

ఈ తేడాకు కారణం తెలుసుకొనేందుకు లాక్ బృందం లీప్ అధ్యయనాన్ని చేపట్టింది. తీవ్రమైన ఎగ్జిమా గాని, గుడ్డు అలర్జీ గాని, రెండూ గాని ఉన్న 4 నుంచి 11 నెలల పసిపిల్లలు 640 మంది ఇందులో పాల్గొన్నారు. సగం మందికి వేరుశనగ క్రమంగా పెట్టారు. మిగిలినవారికి పూర్తిగా మాన్పించారు. ఐదేళ్ళ వయసుకు, మానినవారిలో 17.2 శాతం మందికి, తిన్నవారిలో 3.2 శాతం మందికి అలర్జీ కనిపించింది.

తెలుగునాట ఆరో నెలలో చేసే అన్నప్రాశన ఈ దృక్పథానికి అనుకూలమైన సందర్భమే. వేరుశనగను గింజగా పెడితే గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. కనుక మెత్తగా నూరి, పలుచన చేసి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. తీవ్రమైన ఎగ్జిమా గాని, గుడ్డు అలర్జీ గాని ఉన్న బిడ్డకు ముందుగా వైద్యుని సలహా తప్పనిసరి.

4. నిర్ధారణ, చికిత్స

రక్తపరీక్షలో ఐజీఈ కనిపించినంత మాత్రాన అలర్జీ ఉన్నట్లు కాదు. ఆ ఆహారం తిన్నప్పుడు లక్షణాలు రావడం ముఖ్యం. పదుల ఆహారాలకు ఒకేసారి చేసే పరీక్షా ఫలితాలను చూసి వాటన్నిటినీ మాన్పిస్తే బిడ్డకు మిగిలేది పోషకాహార లోపమే. సందేహం ఉన్నప్పుడు వైద్యుల పర్యవేక్షణలో ఆ ఆహారాన్ని కొద్దికొద్దిగా తినిపించి చూడటమే అత్యంత నమ్మదగిన పరీక్ష.

నిర్ధారణ అయిన తరువాత మాత్రం ఆ ఆహారాన్ని కచ్చితంగా మానాలి. ఆయాసం, స్పృహ తగ్గడం వంటి తీవ్ర ప్రతిచర్యను 'అనాఫిలాక్సిస్' అంటారు. దీనికి మొదటి మందు అడ్రినలిన్. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున తొడ వెలుపలి కండరంలోకి ఇంజెక్షన్‌గా వెంటనే ఇవ్వాలి. దద్దుర్లకు వాడే మాత్రలు దీనికి ప్రత్యామ్నాయం కావు. ఉబ్బసం అదుపులో లేని పిల్లలలో ఇటువంటి ప్రతిచర్య ప్రాణాంతకం కాగలదు. రెండు వ్యాధులనూ కలిపి చూడవలసిన అవసరం ఇక్కడే ఉంది.

5. ఉబ్బసం: ఇన్‌హేలర్‌పై అపోహలు

ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది. పిల్లికూతలు పైకి వినిపించే లక్షణం మాత్రమే. నాళాలను వెంటనే విప్పే మందు ఒకటి, వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మరొకటి. రెండోదే నివారణ మందు. ఆయాసం లేని రోజున కూడా దానిని వైద్యుడు చెప్పినట్లు వాడాలి. చాలా ఇళ్ళలో ఆగిపోయేది ఇదే.

'ఇన్‌హేలర్ అలవాటైపోతుంది' అన్నది అపోహ. సాల్బుటమాల్ మాత్రలో 2 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఇన్‌హేలర్ ఒక్క పీల్పులో ఉండేది 100 మైక్రోగ్రాములు, అంటే ఇరవయ్యో వంతు. స్టెరాయిడ్ వల్ల ఎదుగుదల ఆగిపోతుందన్న భయానికి 2012లో అమెరికాలో వెలువడిన ఫలితాలు సమాధానమిచ్చాయి. బాల్యంలో నాలుగు నుంచి ఆరేళ్ళు బ్యుడెసొనైడ్ పీల్చినవారి ఎత్తు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువగా ఉంది. నష్టం ఉన్నమాట నిజం, అది స్వల్పమన్నదీ నిజం. దానిని ఊపిరాడని రాత్రులతో తూచి చూడాలి. చిన్నపిల్లలకు స్పేసర్ అమర్చి ఇస్తే మందు ఊపిరితిత్తులకు బాగా చేరుతుంది.

ఉబ్బసాన్ని పూర్తిగా నివారించే మార్గం ఇప్పటికి లేదు. గర్భవతి చుట్టూ, బిడ్డ చుట్టూ పొగాకు పొగ లేకుండా చూడటం, వంటింటి పొగను తగ్గించడం మేలు చేస్తాయి. అలర్జీ నిరూపణ కానిదే ఉబ్బసం పేరిట ఆహారాన్ని మాన్పించనవసరం లేదు.

6. ముగింపు

1. ముప్పు ఉన్న పిల్లలకు వేరుశనగ వంటి ఆహారాన్ని వైద్య సలహాతో సకాలంలో పరిచయం చేయడమే నివారణ.
2. పరీక్షా ఫలితం ఒక్కటే నిషేధానికి ఆధారం కారాదు. నిర్ధారణ అయిన అలర్జీలో మాత్రం నిషేధం తప్పనిసరి.
3. అనాఫిలాక్సిస్‌లో అడ్రినలిన్ ఇవ్వడంలో ఆలస్యం కూడదు.
4. ఉబ్బసంలో దూరం పెట్టవలసింది పొగను. ఇన్‌హేలర్‌ను కాదు, పెరుగన్నాన్ని అంతకన్నా కాదు.