నేర్చుకునే డాక్టరుకు మీ చెయ్యి ఇవ్వవచ్చా?

బుక్కరాయసముద్రానికి అనంతపురం ఎంతో దూరం కాదు. విజయనగర రాజుల నాటి చెరువుకు ఒక కొసన ఈ ఊరు, మరో కొసన ఆ పట్నం. అందుచేత వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇక్కడివారు చాలామంది పట్నంలోని పెద్దాసుపత్రికే వెళతారు. 2000లో అనంతపురానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కళాశాల ఉన్నచోట రోగి మంచం దగ్గరకు ముందుగా వచ్చేది తరచు ఇరవైమూడేళ్ల హౌస్ సర్జనే. అతని చేతిలో సూది చూసి, "మన మీద నేర్చుకుంటున్నారా ఏమిటి?" అని వెంట వచ్చినవారికి గుండె గుబేలుమంటుంది.

దాచడమెందుకు? అవును, నేర్చుకుంటున్నారు. ఎంత పేరున్న డాక్టరైనా ఏదో ఒకరోజు ఎవరో ఒకరికి మొదటి సూది వేసినవాడే. మీరు అడగవలసింది అతను ఏపాటి నేర్చుకుని వచ్చాడు, పక్కన పెద్దవారెవరున్నారు అని.

పూర్వం పెద్దాయన చేస్తుంటే ఒకసారి చూసి, మరుసటిసారి చేసెయ్యడమే చదువు. అది రోగికి శిక్ష. 2019లో చేరిన విద్యార్థుల నుంచి దేశమంతటా ఎంబీబీఎస్ పాఠ్యక్రమం మారింది. కళాశాలల్లో 'స్కిల్ ల్యాబ్' ఉండాలన్నారు. అక్కడ రబ్బరు తోలు తొడిగిన చెయ్యి ఉంటుంది. లోపలి గొట్టాల్లో ఎర్రనీళ్లు పారుతుంటాయి. పట్టీ కట్టడం, స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వడం, సూదిని ఏటవాలుగా దించడం, రక్తం కనబడగానే ప్లాస్టిక్ గొట్టాన్ని ముందుకు జరిపి సూదిని వెనక్కు తీయడం – చెయ్యి తిరిగేదాకా చేయవచ్చు. ఆ చెయ్యి "అబ్బా" అనదు. ఇటువంటి బొమ్మలు కొత్తవేమీ కావు. ఊపిరి ఆగినవారికి నోటితో శ్వాస అందించడం నేర్పేందుకు నార్వేలో ఆస్మండ్ లేర్డాల్ అనే ఆటబొమ్మల తయారీదారు 1960లోనే నిలువెత్తు బొమ్మను చేశాడు.

అయితే బొమ్మ చేతికి ఎండదెబ్బ తగలదు. దాని రక్తనాళం ఎప్పుడూ నిండుగా ఉంటుంది. వేసవిలో చేనిలో పనిచేసి, ఆపైన పదిసార్లు విరేచనాలై వచ్చిన మనిషి సంగతి వేరు. ఒంట్లో నీరు తగ్గితే సిరలు అణగిపోతాయి. మనం 'నరం దొరకలేదు' అంటామే, దొరకనిది నరం కాదు, ఈ సిరే. పెద్ద చేతులకే లొంగని ఇటువంటి సిర మీద కొత్తవారు ఒంటరిగా ప్రయత్నించరాదు. రెండుసార్లు తప్పితే మూడోసారి తానే పొడవకుండా అనుభవం గలవారిని పిలవడం మంచి పద్ధతి. అలా పిలిచే కుర్రవాడిని చేతకానివాడనుకోకండి. నా దృష్టిలో అతడే నమ్మదగ్గవాడు.

మీరూ కొంత సాయం చేయవచ్చు. చేతిని మంచం అంచు నుంచి కిందికి వేలాడదీసి, పిడికిలి నాలుగైదుసార్లు మూసి తెరవండి. గోరువెచ్చని గుడ్డ కాసేపు కప్పితే సిర ఉబ్బుతుంది. ఇంతకుముందు ఏ చేతికి సులువుగా ఎక్కిందో చెప్పండి. రొమ్ము కేన్సరుకు ఆపరేషన్ అయిన వైపు చేతికీ, డయాలిసిస్ కోసం సిద్ధం చేసిన చేతికీ సూది వేయనివ్వకండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. సెలైన్ ఎక్కుతుండగా చెయ్యి వాచినా, మండినా "పోనీలే" అని ఊరుకోకుండా వెంటనే నర్సును పిలవండి. మందు సిరలోకి కాక పక్కన కండలోకి దిగుతూ ఉండవచ్చు. సూది తీశాక మోచెయ్యి మడవకండి. చెయ్యి చాపి ఉంచి, దూదితో రెండు మూడు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోండి. నల్లగా కమలకుండా ఉంటుంది.

"నీవెవరు నాయనా, విద్యార్థివా? పెద్ద డాక్టరుగారు ఉన్నారా?" అని అడగడంలో తప్పేమీ లేదు. జవాబు చెప్పడం అతని విధి. విద్యార్థి వద్దని చెప్పే హక్కు కూడా మీకుంది. అలా అన్నంత మాత్రాన వైద్యం ఆపకూడదు. కాని వెనక సీనియరు నిలబడి చూస్తున్నప్పుడు, మీ సిర నిండుగా కనబడుతున్నప్పుడు చెయ్యి చాపండి. అర్ధరాత్రి పాము కరిచి మీ ఊరివారెవరైనా అక్కడికి చేరినప్పుడు, విషానికి విరుగుడు మందు ఎక్కించడానికి ముందుగా సిర వెతకవలసింది బహుశా ఆ కుర్రవాడే.