పటంలో లేని దక్షిణం: ‘డ్యూన్’ నవలలో అరాకిస్ ఎడారి, దాని జీవజాలం

వ్యాససంగ్రహం

ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన ‘డ్యూన్’ (1965) నవల అరాకిస్ అనే కల్పిత ఎడారి గ్రహంపై నడుస్తుంది. ఆ గ్రహపు దక్షిణ ప్రాంతాన్ని పాలకులు మనుషులు మెలగలేని భూమిగా భావించి అన్వేషించకుండా వదిలేశారు. ఆ ప్రాంతాన్నీ, అక్కడి జీవజాలాన్నీ నవల ఎలా నిర్మించిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నీరు సర్వత్రా వరమే అన్న నమ్మకాన్ని, నీరే విషమైన ఒక ప్రాణి ఎదుట నిలిపి పరీక్షించడం ఈ నవల ప్రధాన విశేషమని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: విజ్ఞాన కల్పన, పర్యావరణ విమర్శ, ఎడారి, ఇసుకపురుగు, బంజరు భూమి.

1. ఉపోద్ఘాతం

మన అలంకారశాస్త్రం మహాకావ్యానికి నిర్దేశించిన అష్టాదశ వర్ణనల్లో నగరం ఉంది, సముద్రం ఉంది, పర్వతం ఉంది, ఋతువులు, ఉద్యానవిహారం ఉన్నాయి. ఎడారి లేదు. పైగా ఆ వర్ణనల్లో ప్రకృతి ఎక్కువగా ఉద్దీపన విభావంగానే పనిచేస్తుంది. నాయికానాయకుల భావాలను ప్రజ్వరిల్లజేయడమే దాని పాత్ర. కథను నడిపే కారణం అది కాదు.

గ్రహాంతర జీవులను చిత్రించిన తొలితరం పాశ్చాత్య కల్పనల్లోనూ దాదాపు ఇదే పరిస్థితి. ఎడ్గర్ రైస్ బరోస్ అంగారక గ్రహంపై అల్లిన కథల్లో అనేక పాదాల వింత జంతువులు ఎదురవుతాయి. అవి నాయకుడి పరాక్రమానికి పరీక్షలు. అవి ఏం తింటాయి, వాటిని ఏం తింటుంది, అవి లేకపోతే ఆ నేల ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ఆ కథల్లో పెద్దగా చోటు లేదు. ‘డ్యూన్’ ఆ ప్రశ్నల మీదే నిలబడిన నవల. ఇక్కడ రాజకీయం, మతం, యుద్ధం అన్నీ ఒక ప్రాణి జీవనచక్రం నుంచే పుడతాయి.

2. నవల మూలం: ఆరెగాన్ ఇసుకతిన్నెలు

ఈ నవల బీజం భూమి మీదే పడింది. 1957లో పాత్రికేయుడిగా హెర్బర్ట్ అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఫ్లోరెన్స్ పట్టణ సమీపంలోని ఇసుకతిన్నెలను చూడడానికి వెళ్లాడు. గాలికి కదులుతూ రోడ్లను, ఇళ్లను ముంచుతున్న ఇసుకను గడ్డి నాటి కట్టడి చేసే ప్రయోగాలు అక్కడ జరుగుతున్నాయి. వాటిపై అతడు తలపెట్టిన వ్యాసం అనుకున్న రూపంలో వెలుగు చూడలేదు. అందుకోసం సేకరించిన సమాచారం మాత్రం ఎడారులు, ఎడారి ప్రజలు, అక్కడ పుట్టిన మతాల అధ్యయనంగా విస్తరించింది. 1963–65 మధ్య ‘అనలాగ్’ పత్రికలో రెండు భాగాలుగా ధారావాహికగా వచ్చి, 1965లో పుస్తకమైంది. ఎడారి భూముల పర్యావరణ శాస్త్రజ్ఞులకు రచయిత దీన్ని అంకితమివ్వడం ఈ సందర్భంలో గమనార్హం.

3. పటంలో లేని ప్రాంతం

అరాకిస్ మీద వర్షం లేదు. పట్టణాలన్నీ ఉత్తర ధ్రువానికి చేరువలో, తుఫానుల నుంచి కొండలు కాపాడే పల్లపు ప్రాంతంలోనే ఉన్నాయి. అక్కడి నుంచి దక్షిణానికి వెళ్లేకొద్దీ అడ్డులేని ఇసుక. ఆ మైదానాల మీద బలం పుంజుకునే తుఫానులు గంటకు 700 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటాయని, ఎముకల మీది మాంసాన్ని ఒలిచివేస్తాయని నవల చెబుతుంది. దానికి తోడు ఇసుక కింద మహాకాయపు పురుగులు. కనుక దక్షిణం జనావాసానికి పనికిరాదని పాలకుల నిశ్చితాభిప్రాయం.

నవల చివర ఇచ్చిన పటం ఈ అభిప్రాయానికి ప్రతిబింబం. అందులో ఉన్నది ఉత్తర ధ్రువప్రాంతం మాత్రమే. పాఠకుడికి కూడా పాలకుడికి తెలిసినంతే కనిపిస్తుంది.

అయితే ఈ అజ్ఞానం సహజంగా ఏర్పడింది కాదని కథ సాగేకొద్దీ తెలుస్తుంది. ఎడారివాసులైన ఫ్రెమెన్ ప్రజలు అంతరిక్ష రవాణాపై గుత్తాధికారం గల సంఘానికి భారీగా లంచమిచ్చి, దక్షిణాకాశంలో ఏ ఉపగ్రహమూ తిరగకుండా చూసుకుంటారు. ఎవరూ లేరనుకున్న దక్షిణంలో వారి స్త్రీలు, పిల్లలు, రహస్యంగా పెంచుతున్న తోటలు ఉన్నాయి. అక్కడికి దూరాన్ని వారు ‘థంపర్ల’లో కొలుస్తారు. థంపర్ అంటే ఇసుకలో నాటితే లయబద్ధంగా చప్పుడు చేస్తూ పురుగును పిలిచే సాధనం. పిలిచిన పురుగుపై అది అలసేదాకా స్వారీ చేసి, మళ్లీ ఇంకొక దాన్ని పిలవాలి. దక్షిణపు తోటలు ఇరవై థంపర్ల దూరం. అన్వేషించని ప్రాంతంగా లెక్కలోకెక్కిన నేలకు అక్కడి మనుషుల వద్ద దూరమానం సైతం ఉంది. ‘తెలియని ప్రాంతం’ అన్న మాట వినగానే ‘ఎవరికి తెలియనిది?’ అని అడగాలని నవల నేర్పే మొదటి పాఠం ఇదే.

4. ఒకే ప్రాణి, మూడు దశలు

పార్డాట్ కైన్స్ అరాకిస్‌కు వచ్చిన తొలి గ్రహపర్యావరణ శాస్త్రజ్ఞుడు. నవల మొదటి అనుబంధం అతడి పరిశోధనను వివరిస్తుంది. అతడిని కలవరపెట్టిన సమస్యలు రెండు. పచ్చని చెట్లు దాదాపు లేని గ్రహపు గాలిలో 23 శాతం ప్రాణవాయువు ఎక్కడి నుంచి వచ్చింది? బావి తవ్వితే మొదట చెమ్మగా ఊరిన నీరు కొద్దిసేపట్లోనే మాయమై, మళ్లీ ఎందుకు రావడం లేదు? రెండింటికీ సమాధానం ఒకే జీవిలో దొరికింది.

ఆ జీవి తొలిదశ కంటికి కనిపించని ఇసుక ప్లవకాలు. అవి పెరిగి, ఇసుకలోకి తొలుచుకుపోయి, తోలులాంటి చర్మం గల ‘ఇసుకచేపలు’ అవుతాయి. పేరుకు చేపలే గాని ఇవి సగం మొక్క, సగం జంతువు. లోతుల్లో ఉన్న నీటిని చుట్టుముట్టి బంధించడం వీటి పని. బావి నీటి దొంగలు ఇవే. ఇవి బంధించిన నీరు వీటి విసర్జకాలతో కలిసినప్పుడు బూజువంటి ముద్ద పెరుగుతుంది. అందులో చేరిన వాయువు ఒత్తిడికి ఆ ముద్ద పేలి పైకి చిమ్ముతుంది. ఎండా గాలీ తగిలి అది ‘మెలాంజ్’ అనే సుగంధద్రవ్యంగా మారుతుంది. ఆయుష్షును పెంచేదీ, అంతరిక్ష నౌకలకు దారి చూపే శక్తినిచ్చేదీ అయిన ఈ ద్రవ్యం కోసమే సామ్రాజ్యాలు కొట్టుకుంటాయి.

పేలుడులో ఇసుకచేపలు లక్షల సంఖ్యలో చనిపోతాయి. బతికినవి కోశావస్థలో ఆరేళ్లు నిద్రించి, సుమారు 3 మీటర్ల పురుగులుగా బయటికి వస్తాయి. వాటిలోనూ పెద్ద పురుగుల నోటపడకుండా, నీటి మడుగుల పాలుకాకుండా తప్పించుకున్న కొద్దిపాటివే మూడో దశకు, అంటే ‘షై-హులూద్’గా ఫ్రెమెన్ కొలిచే మహాపురుగు దశకు చేరుతాయి. లోతైన ఎడారిలో 400 మీటర్లకు మించినవీ కనిపించాయని నవల పదకోశం చెబుతుంది. పురుగు వెదజల్లిన మెలాంజ్‌ను ప్లవకాలు తింటాయి. ప్లవకాలను పురుగు తింటుంది. వలయం పూర్తవుతుంది. సుమారు 200 మీటర్ల పురుగు వదిలే ప్రాణవాయువు 10 చదరపు కిలోమీటర్ల పచ్చదనం వదిలేదానితో సమానమని అనుబంధం లెక్క. గ్రహం మీది ఇసుకలో అధికభాగం కూడా పురుగుల చలనం వల్ల ఏర్పడినదే. అంటే ఎడారిలో పురుగు బతకడం లేదు. పురుగే ఎడారిని తయారుచేసి నిలుపుతోంది.

శాస్త్రీయంగా ఈ కల్పనలో ఒక లోపం ఉంది. సూర్యరశ్మిని ఆహారంగా మార్చే ఉత్పాదకజీవి ఈ వలయంలో స్పష్టంగా కనిపించదు. సముద్రంలో నీలి తిమింగలం సూక్ష్మమైన రొయ్యజాతి జీవులను తిని మహాకాయంగా పెరుగుతుంది. కాని ఆ జీవులకు ఆధారంగా కిరణజన్యసంయోగక్రియ జరిపే వృక్షప్లవకాలు ఉన్నాయి. అరాకిస్ వలయం తనను తానే తిని బతుకుతున్నట్లుంటుంది. అయినా ఒక ప్రాణి వేర్వేరు దశలు నీటినీ, గాలినీ, నేలనూ, సంపదనూ శాసిస్తాయన్న ఊహ నవలకు గట్టి పునాది వేసింది.

ఈ ప్రాణి పట్ల పాఠకుడి భావం కూడా దశలు మారుతుంది. మెలాంజ్ తవ్వే యంత్రాన్ని మింగే తొలిదృశ్యంలో అది భయానకానికి ఆలంబనం. కథానాయకుడు పాల్ దానిపై స్వారీ చేసేటప్పుడు అద్భుతానికి ఆలంబనం. అనుబంధం చదివాక అది కరుణకు ఆలంబనమవుతుంది. అందుకు కారణం రానున్న పచ్చదనం.

5. వరంగా కనిపించిన మృతవలయం

కైన్స్ ఫ్రెమెన్ ప్రజలకు ఒక స్వప్నాన్నిచ్చాడు. గాలిలోని తేమను పట్టి దాచాలి. తిన్నెలను గడ్డితో కట్టాలి. మూడు నుంచి ఐదు శతాబ్దాల్లో గ్రహం తనంత తానే పచ్చగా నిలవాలి. ఇందుకు భూమికి చెందిన జీవజాలాన్ని వరుసక్రమంలో దించారు. మొదట పేదనేలల గడ్డిజాతులు, తర్వాత పొదలు, బ్రహ్మజెముడు జాతులు. ఆపై నేలను తొలిచి గుల్లచేసే కంగారూ ఎలుక, ఎడారి కుందేలు, నక్క. వాటిని అదుపులో ఉంచే డేగ, గుడ్లగూబ. చివరికి ఖర్జూరం, పత్తి, కాఫీ. పాల్ తన ఫ్రెమెన్ పేరుగా ఎంచుకున్న ‘మువాద్‌దిబ్’ ఈ కంగారూ ఎలుకే. అరాకిస్‌లో మనకు పరిచితంగా అనిపించే ప్రతి ప్రాణీ వలస వచ్చిందే.

ఈ క్రమంలో ఒక సంఘటన నవల మొత్తానికీ కీలకమని నా అభిప్రాయం. కొత్త మొక్కల చుట్టూ ఇసుక ప్లవకాలు చనిపోసాగాయి. రెండు జీవజాతుల మాంసకృత్తులు ఒకదానితో ఒకటి పొసగకపోవడమే కారణం. తోటల చుట్టూ ఏ స్థానిక ప్రాణీ బతకని వలయం ఏర్పడింది. మహాపురుగు సైతం అందులోకి రావడం మానేసింది. పరీక్షించేందుకు కైన్స్ ఇరవై థంపర్ల దూరం పల్లకిలో ప్రయాణించి వెళ్లాడు. దుర్గంధం నిండిన ఆ నేలకు గంధకం, నత్రజని చేరిస్తే భూమి మొక్కలకు సారవంతమవుతుందని తేలింది. అతడికది అనుకోని లాభం. స్థానిక జీవం చచ్చిన చోటు తోటకు అనువైన చోటైంది. అనుబంధం ఈ విషయాన్ని ఎలాంటి విచారమూ లేకుండా, పనిలో ప్రగతిగా నమోదు చేస్తుంది. ఆ నిర్వికారతే పాఠకుడిని కలవరపరచాలి.

కైన్స్ కుమారుడు లియట్ అంతం కూడా ఇదే ధోరణిలో చదవదగినది. శత్రువులు అతడిని నీరు లేకుండా ఎడారిలో వదిలేస్తారు. అతడి కాళ్ల కిందే మెలాంజ్ ముద్ద పేలి ప్రాణం తీస్తుంది. పేలుడు సమీపించిందని అతడు వాసన ద్వారా గుర్తిస్తాడు, తప్పించుకోలేడు. గ్రహాన్ని తెలుసుకోవడమూ గ్రహాన్ని శాసించడమూ ఒకటి కావని ఆ మరణం చెబుతుంది.

తర్వాతి నవలలు ఈ తర్కాన్ని చివరంటా తీసుకెళ్తాయి. ‘గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్’ (1981) నాటికి మూడున్నర వేల ఏళ్లు గడిచి, గ్రహం నదులతో పచ్చబడింది. పురుగులు అంతరించాయి, ఎడారి ఒక రక్షిత ఖండంగా మిగిలింది. అంతకుముందు ‘చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్’ (1976) మరో మలుపు ఇచ్చింది. ఇసుకచేప కూడా ఎక్కడి నుంచో వచ్చిందేననీ, ఒకప్పుడు ఈ గ్రహంలో నీరు ఉండేదనీ అందులో తెలుస్తుంది. అప్పుడు ‘స్థానిక’ ప్రాణి ఏది? ఏ కాలపు స్థితిని సహజమని అనాలి? హెర్బర్ట్ జవాబివ్వడు. తొలిరాకకు హక్కు కట్టబెట్టే వాదాన్నీ, పచ్చదనానికి హక్కు కట్టబెట్టే వాదాన్నీ సమానంగా సందేహంలో నిలుపుతాడు.

6. కల్పన నుంచి నేల మీదికి

ఈ సందేహం కల్పనకే పరిమితం కాదనడానికి నవల పుట్టిన చోటే నిదర్శనం. ఆరెగాన్ తీరంలో ఇసుకను ఆపడానికి నాటిన ఐరోపా తీరగడ్డి తిన్నెలంతటా అల్లుకుంది. బయలు ఇసుకలో గుడ్లుపెట్టే స్నోయీ ప్లోవర్ అనే చిన్న పక్షికి తావు తగ్గింది. పసిఫిక్ తీరంలోని ఆ పక్షిసమూహాన్ని 1993లో ముప్పుకు గురైన జీవుల జాబితాలో చేర్చారు. ఒకప్పుడు శ్రమపడి నాటిన గడ్డిని ఇప్పుడు అంతే శ్రమతో కొన్నిచోట్ల పెకలిస్తున్నారు.

తెలుగు నేలమీదా ఇటువంటి ఉదాహరణ లేకపోలేదు. బట్టమేకపక్షి కోసం 1988లో అప్పటి కర్నూలు జిల్లాలో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది. ఆ పక్షికి కావలసింది పొడి గడ్డిమైదానం, దాని చుట్టూ మెట్టపంటలు. చుట్టుపక్కలకు సాగునీరు వచ్చి పంటల తీరు మారడం అక్కడ ఆ పక్షి కనుమరుగవడానికి గల కారణాల్లో ఒకటి. కరవుసీమ రైతుకు కాలువనీరు అవసరం కాదని ఎవరూ అనలేరు. రెవెన్యూ లెక్కల్లో బంజరుగా రాసిన నేల ఒక పక్షికి ఇల్లు అన్నదీ అంతే నిజం. ఫ్రెమెన్ దాహమూ న్యాయమైనదే, పురుగు మనుగడా న్యాయమైనదే అన్న నవల సంకటం ఇక్కడ మన ఊరి సంకటమవుతుంది.

7. ముగింపు

అరాకిస్ దక్షిణం మూడు చూపులకు మూడు విధాలుగా కనిపిస్తుంది. పాలకుడికి అది ఖాళీ. శాస్త్రజ్ఞుడికి అది రాబోయే తోట. పురుగుకు అది ఇల్లు. మొదటి చూపు తప్పని నవల సులువుగానే నిరూపిస్తుంది. రెండో చూపు సదుద్దేశంతో కూడినది కనుక దాని తప్పు ఆలస్యంగా, ఒక అనుబంధంలోని మృతవలయం రూపంలో బయటపడుతుంది. మూడో చూపు నుంచి కథ చెప్పే గొంతు తొలి నవలలో లేదు. ఆ లోటును పూరించవలసింది పాఠకుడే. పర్యావరణ సాహిత్యాన్ని బోధించేటప్పుడు ‘ఎడారిని పచ్చగా మార్చాలి’ అన్న వాక్యాన్ని విద్యార్థుల ముందుంచి, అందులో ఎవరి దాహం వినిపిస్తోంది, ఎవరి ఉనికి వినిపించడం లేదు అని అడగడానికి ‘డ్యూన్’ అనుకూలమైన పాఠ్యం. వర్ణనగా కాక వస్తువుగా ప్రకృతిని చదివే పద్ధతికి ఆ ప్రశ్న మంచి ప్రారంభం కాగలదు.