పువ్వులైన బీపీఎల్ఆర్ అధ్యాయం

గత దసరాకు ఇల్లు సర్దుతూ అటక మీది పుస్తకాల పెట్టె దించాం. అడుగున చెదలు పట్టింది. మా నాన్నగారి లెక్కల పుస్తకం సగం పోయింది. పైన ఉన్న నా జేఏఐఐబీ పుస్తకాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. గుమ్మానికి కాగితపు పూలు కడదామని కత్తెర పట్టుకుని కూర్చున్న మా అమ్మాయి, "తాతయ్య పుస్తకం ఎలాగూ పాడైంది కదా నాన్నా, దీన్నే కత్తిరిద్దాం" అంది. తెరిచి చూస్తే మిగిలిన పేజీల అంచుల్లో నాన్నగారు పెన్సిలుతో వేసుకున్న లెక్కలు. మనసొప్పలేదు. నా పుస్తకం తీసిచ్చాను.

అందులో నేను రాత్రుళ్లు కూర్చుని బట్టీపట్టిన బీపీఎల్ఆర్ అధ్యాయం ఉంది. 2010 జులైలో బేస్ రేటు, 2016 ఏప్రిల్‌లో ఎంసీఎల్ఆర్ వచ్చాక దాన్ని ఎవరు చదువుతారు? పువ్వుగానైనా పనికొస్తుంది.

కత్తిరించే ముందు పేజీ మూలను ముందుకూ వెనక్కూ మడిచి చూడండి. గ్రంథాలయాల్లో కాగితం సత్తువను ఇలాగే పరీక్షిస్తారు. రెండు మూడుసార్లకే మూల ఊడి చేతికొస్తే ఆ పుస్తకం మడతలకు ఆగదు.

అసలు కిటుకు కాగితపు పీచులో ఉంది. పీచు ఎక్కువగా ఒకే దిక్కుకు ఉంటుంది. ఆ దిక్కున మడత నునుపుగా పడుతుంది, దానికి అడ్డంగా మడిస్తే వంకరపోతుంది. చాలా పుస్తకాల్లో పీచు నిలువుగా, కుట్టు అంచు వెంబడి ఉంటుంది. అందుకని పేజీని అడ్డంగా 2 అంగుళాల వెడల్పు పట్టీలుగా కోయాలి. మేం మొదట నిలువుగా కోసి ఓ సాయంత్రమంతా పాడుచేసుకున్నాం. మామూలు సైజు పుస్తకమైతే 5 పట్టీలు వరసగా అంటించి, అర అంగుళానికొకటి చొప్పున విసనకర్ర మడతలు పెట్టండి. ఒక అంచు దగ్గర మడతలన్నిటిలోంచి సూదితో దారం దూర్చి బిగించి, రెండు కొసలూ కలిపి అంటిస్తే చక్రంలా విచ్చుకుంటుంది. వెనక గుండ్రటి అట్టముక్క అంటించకపోతే మళ్లీ ముడుచుకుపోతుంది.

జిగురుకు ఉడికించిన మైదా చాలు. పల్చగా రాయండి, తడి ఎక్కువైతే కాగితం ఉబ్బుతుంది. దీపాలకు దూరంగా కట్టమని చెప్పనక్కర్లేదు, అయినా చెబుతున్నాను.

ఫోటో చూసిన మా శాఖ మిత్రుడొకరు, వ్యవస్థాపక దినోత్సవానికి రికార్డు గదిలోని పాత లెడ్జర్లు వాడదామన్నారు. కాగితం నిజంగా బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ప్రతి వరసలోనూ ఒక ఖాతాదారు పేరు, ఆయన నిల్వ ఉన్నాయి. గడువు తీరాక పద్ధతి ప్రకారం నాశనం చేయాల్సిన కాగితాలవి. గోడకు వేలాడదీస్తే ఎలా? నా రెండో పుస్తకం కూడా ఇచ్చేశాను.

మా గుమ్మానికి 11 పూలు కట్టాం. ఒకదాని మడతల్లో 'మార్జిన్' అన్న మాట కనబడుతుండేది. తాతయ్య పుస్తకంలో మిగిలిన పేజీలను మా అమ్మాయి పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టింది.