మీకు తెలుసా? పొదుపు బల్బు పెట్టినా కరెంటు వాడకం పెరగొచ్చు!

• గౌలిగూడలోని ఒక దుకాణంలో 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే, దాదాపు అంతే వెలుగుకు 85 శాతం కరెంటు ఆదా. చవకే కదా అని ఏడు పెడితే 63 వాట్లు: ఆదా అంతా హుష్‌కాకి!

• జేమ్స్ వాట్ ఆవిరియంత్రం తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేసింది. దాంతో యంత్రాలు పెరిగి, బ్రిటన్‌లో బొగ్గు వాడకమూ పెరిగింది. 1865లో ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవాన్స్ దీన్ని వివరించారు. అదే ‘జెవాన్స్ వైరుధ్యం’.

• ప్రతిసారీ ఇలా జరగదు. పాత బల్బు 5 గంటల్లో కాల్చే కరెంటుతో ఎల్‌ఈడీ 33 గంటలు వెలుగుతుంది; రోజుకున్నవి 24 గంటలే, కాబట్టి ఒక్క ఎల్‌ఈడీ రోజంతా వెలిగినా కొంత ఆదా మిగులుతుంది!

• అందుకే బల్బు మార్చండి, సంఖ్య పెంచకండి. బిల్లులో యూనిట్లు తగ్గితేనే నిజమైన పొదుపు.